‘కులకట్టుబాటు’కు చట్టబలం ఉందా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. ఇరవై ఏళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడని కులపెద్దలు 50,000 రూపాయల తప్పు వేశారు. కట్టకపోతే ఊళ్లో ఉన్న మా అమ్మను వెలివేస్తారట. ‘కోర్టుల కంటే కులకట్టుబాటే పాతది’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: డబ్బు కట్టకండి.

మీరు పంపిన రూళ్ల కాగితం ఫొటో చూశాను. పైన ‘కులకట్టుబాటు ప్రకారం’ అని రాసి, కింద సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. మాట పాతదే, కానీ దాని అర్థం చూడండి. ‘కట్టుబడు’ నుంచి ‘కట్టుబాటు’ వచ్చింది. సర్దుబాటు, దిద్దుబాటు ఎలాగో ఇదీ అలాగే. మాటకు కట్టుబడ్డాడు అంటాం కదా, మనిషి తనంతట తాను నిలబడటం అది. ఇంకొకరిని కట్టిపడేసే హక్కు ఆ మాటలోనే లేదు. ‘వెలి’ మాత్రం వేరు. వెలుపల, వెలివాడ అన్న మాటల్లో ఉన్నదే అది. ముసలావిడకు కిరాణా కొట్టులో ఉప్పు ఇవ్వరు, పక్కింటివాళ్లు పలకరించరు. నా దృష్టిలో ఇది జైలు కంటే ఘోరం.

ఆచారాన్ని చట్టం అసలు లెక్కచేయదని కాదు. 1955 హిందూ వివాహ చట్టం పెళ్లితంతుల విషయంలో ఆచారాన్ని ఒప్పుకుంటుంది. కానీ ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన ఆచారం చెల్లదని రాజ్యాంగం 13వ అధికరణ చెబుతోంది. ఇద్దరు మేజర్ల పెళ్లికి ఖాప్ పంచాయతీల్లాంటివి (ఉత్తరాదిలో కులపెద్దల పంచాయతీలు) అడ్డుపడటం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 308వ సెక్షన్ కింద, బెదిరింపు 351వ సెక్షన్ కింద నేరాలు. మీ కోడలు ఎస్సీ లేదా ఎస్టీ అయి, ఆ వర్గాలకు చెందనివాళ్లు ఆమెను వెలివేస్తామని బెదిరించినా 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. మహారాష్ట్ర 2016లో వెలివేత మీద ప్రత్యేక చట్టం చేసింది. మనకూ అలాంటిది కావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ కాగితం, ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి. ఊరి స్టేషన్‌కు వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంటే కూకట్‌పల్లి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, అంటే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇచ్చే ఫిర్యాదు. అమ్మగారికి ఆదాయంతో సంబంధం లేకుండా, మహిళ కాబట్టి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈ వారంలోనే వెళ్లండి, ఆమెను వెంట తీసుకుని.