ఎంబీబీఎస్ చదివినవారు అమెరికాలో పోడియాట్రిక్ సర్జన్ (పాదాల శస్త్రచికిత్స వైద్యుడు) కావచ్చా?

ఎంబీబీఎస్ డిగ్రీతో నేరుగా కాలేరు. అక్కడ పోడియాట్రీ (పాదవైద్యం) రెసిడెన్సీలో, అంటే ఆసుపత్రిలో ఇచ్చే పీజీ శిక్షణలో చేరాలంటే డీపీఎం, అంటే డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్ డిగ్రీ ఉండాల్సిందే.

కారణం, అమెరికాలో పాదవైద్యం మొదటి నుంచీ వేరే దారి. దాని కాలేజీలు, లైసెన్స్ పరీక్షలు, బోర్డులు అన్నీ వేరు. డిగ్రీ స్థాయిలో సైన్సు సబ్జెక్టులు పూర్తిచేసి, సాధారణంగా ఎంక్యాట్ (అక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష) రాసి, 4 ఏళ్ల డీపీఎంలో చేరతారు. ఆ తర్వాత ఆసుపత్రిలో 3 ఏళ్ల రెసిడెన్సీ. అసలు శస్త్రచికిత్స చేతికొచ్చేది ఇక్కడే. మడమ, చీలమండ పునర్నిర్మాణ ఆపరేషన్లు కూడా చేయాలనుకుంటే, ఆ అదనపు అర్హత ఇచ్చే రెసిడెన్సీనే ఎంచుకోవాలి. చేరాక మార్చుకోవడం కష్టం కాబట్టి ముందే చూసుకోవడం చాలా ముఖ్యం. రెసిడెన్సీ తర్వాత ఏడాది ఫెలోషిప్, అంటే అదనపు ప్రత్యేక శిక్షణ, ఐచ్ఛికం. ఏయే ఆపరేషన్లు చేయవచ్చో రాష్ట్ర చట్టాన్ని బట్టి మారుతుంది.

ఉదాహరణకు, విజయవాడలో ఎంబీబీఎస్ చేసిన వ్యక్తి యూఎస్ఎంఎల్ఈ (అమెరికాలో ఎండీల లైసెన్స్ పరీక్ష) ఎంత బాగా రాసినా, ఆ స్కోరు ఈ రెసిడెన్సీకి పనికిరాదు. ఆ స్కోరుతో పాదాల సర్జరీ చేయాలంటే 5 ఏళ్ల ఆర్థోపెడిక్స్ రెసిడెన్సీ, ఆపై ఫుట్ అండ్ యాంకిల్ ఫెలోషిప్ చేయాలి. మన దేశంలోనూ అంతే: ఎంఎస్ ఆర్థో, తర్వాత ఫెలోషిప్.

డీపీఎం అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ అని చాలామంది పొరబడతారు. అది అమెరికాలోని ఎండీ లాగే ప్రాథమిక వృత్తి డిగ్రీ; మన దగ్గర ఎండీ లాగా పీజీ కాదు. పీజీ శిక్షణ దాని తర్వాత వచ్చే రెసిడెన్సీయే.