క్యూబన్ రెస్టారెంట్‌లో బీఫ్ తినని వాళ్లు ఏం ఆర్డర్ చేయాలి?

మయామీలోని క్యూబన్ల పేట లిటిల్ హవానాకి వెళ్తున్నామని, మీలో ఎవరూ బీఫ్ తినరని, ఒకరైతే పూర్తి శాకాహారి అని రాశారు. టెన్షన్ అక్కర్లేదు, కాకపోతే కొన్ని పేర్లు తెలిసి ఉండాలి.

రోపా వియేహా, వాకా ఫ్రీతా రెండూ బీఫే. పికదియో కూడా సాధారణంగా బీఫ్ కీమానే. లెచోన్ అంటే పంది మాంసం. చికెన్ తినేవాళ్లకు అర్రోస్ కోన్ పోయో బాగుంటుంది: పసుపురంగు అన్నంలో చికెన్ వేసి వండుతారు. కారం మాత్రం ఆశించకండి. క్యూబా వంటలో రుచంతా వెల్లుల్లి, జీలకర్ర, పుల్ల నారింజ రసానిదే.

శాకాహారికి అసలు చిక్కు నల్ల చిక్కుడు గింజల (బ్లాక్ బీన్స్) దగ్గర వస్తుంది. చూడ్డానికి ఉత్త పప్పులాగే ఉంటాయి కానీ చాలాచోట్ల హ్యామ్ ముక్కో పంది కొవ్వో వేసి ఉడికిస్తారు. అడగకుండా తీసుకోవద్దు. వేయించేది నూనెలోనా, పంది కొవ్వులోనా అని కూడా అడగండి. అది సరే అనుకుంటే తోస్తోనెస్ చెప్పండి: పచ్చి కూర అరటి ముక్కల్ని ఒకసారి వేయించి, అదిమి, మళ్లీ కరకరలాడేలా వేయిస్తారు. పండిన అరటితో చేసే మదూరోస్ తియ్యగా, అంచులు నల్లబడి ఉంటాయి. ఉడికించిన కర్రపెండలం మీద వెల్లుల్లి మోహో (పుల్లటి సాస్) పోసిస్తే, నా లెక్కలో అదే అన్నిటికన్నా రుచి. ఫ్లాన్ అనే కారమెల్ కస్టర్డ్‌లో గుడ్డు ఉంటుంది.

కాఫీ మాత్రం రెస్టారెంట్ బయటివైపు కాఫీ అమ్మే కిటికీ దగ్గర తాగండి. 1971లో మొదలైన వెర్సైల్స్ రెస్టారెంట్‌కి అలాంటి కిటికీ ఉంది. కొలాదా (నలుగురికి సరిపోయే చిక్కటి కాఫీ) అడిగితే పంచుకోవడానికి బుల్లి కప్పులు కూడా ఇస్తారు. చక్కెర ముందే కలిపేసి ఉంటుంది.