జీటా పొటెన్షియల్ అని రాసే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన అధ్యాయం రెండుసార్లు చదివాను. వెండి నానో రేణువులు తయారుచేసిన పద్ధతి చక్కగా రాశావు, అక్కడ నేను చెప్పేదేమీ లేదు. ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. "రేణువుల జీటా పొటెన్షియల్ మైనస్ 32, కాబట్టి ఇవి స్థిరంగా ఉంటాయి" అన్నావు, అంటే ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా ఉంటాయని. ముప్పై ఏళ్లు మంచినీటి శుద్ధి కేంద్రం ల్యాబులో గడిపినదాన్ని. ఆ మాట విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. వైవాకు ముందే దాన్ని సరిచేసుకో.

నీటిలో పడ్డ రేణువు ఒంటరిగా ఉండదు. దాని ఉపరితలం మీద ఋణావేశం ఉందంటే ధన అయాన్లు వచ్చి చుట్టూ చేరతాయి. కొన్ని గట్టిగా అంటుకుంటాయి, మిగతావి కాస్త ఎడంగా మబ్బులా కమ్ముకుంటాయి. రేణువు కదిలితే దాన్ని పట్టుకుని పలుచని నీటి పొర కూడా కదులుతుంది. ఆ పొర అవతలి నీరు మాత్రం జారి వెనక ఉండిపోతుంది. ఆ జారే హద్దు దగ్గర, దూరాన ఉన్న మామూలు నీటితో పోలిస్తే ఎంత పొటెన్షియల్ ఉందో అదే జీటా. రేణువు ఉపరితలం మీది పొటెన్షియల్ కాదు. ఆవేశం అసలే కాదు. నీ నాలుగో పేజీలో "జీటా ఆవేశం" అని ఉంది, కొట్టేయ్. ఆవేశాన్ని కూలూంబుల్లో చెబుతాం, దీన్ని మిల్లీవోల్టుల్లో.

ఇంకో సంగతి. మీ ల్యాబులోని పరికరం జీటాను కొలవదు. విద్యుత్ క్షేత్రంలో రేణువు ఎంత వేగంగా పరుగెడుతుందో లేజరుతో చూస్తుంది, అంతే. ఈ పరుగును మొదట చూసినది మాస్కోలో రాయ్స్ అనే ఆచార్యుడు. తడి బంకమట్టిలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, వాటిలో నీళ్లు పోసి విద్యుత్తు పంపితే, ధన ధ్రువం వైపు గొట్టంలోకి మట్టి రేణువులు వచ్చి నీరు మడ్డిగా మారింది, రెండో గొట్టంలో నీటి మట్టం పెరిగింది. 1809లో అచ్చయిన ఆ ప్రయోగాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎంత మామూలు సరంజామా అది!

పరుగు నుంచి జీటాకు వెళ్లాలంటే ఒక సూత్రం కావాలి. 1903 నాటి స్మొలుకోవ్‌స్కీ సూత్రం ప్రకారం, 25 డిగ్రీల నీటిలో ఒక యూనిట్ పరుగుకు (సెంటీమీటరుకు ఒక వోల్టు క్షేత్రంలో సెకనుకు ఒక మైక్రోమీటరు) 12.8 మిల్లీవోల్టులు. నీ మైనస్ 32 వెనక ఉన్న పరుగు మైనస్ 2.5 అన్నమాట. అయితే ఆ సూత్రం అయాన్ల మబ్బు కన్నా రేణువు చాలా పెద్దదైనప్పుడే చెల్లుతుంది. నీ రేణువులు 20 నానోమీటర్లవి. ఒక మిల్లీమోలార్ ఉప్పునీటిలో మబ్బు మందమే సుమారు 10 నానోమీటర్లు. అలాంటప్పుడు హ్యూకెల్ సూత్రం దగ్గరగా ఉంటుంది, అది ఒకటిన్నర రెట్లు ఇస్తుంది. అదే కొలతకు మైనస్ 48 అవుతుంది! అందుకే పరుగు విలువ కూడా రాయి, ఏ సూత్రం వాడావో కూడా రాయి.

పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం చెప్పే అంకె, రాయకపోవడం అన్నిటికన్నా పెద్ద లోపం. సిలికా జీటా పీహెచ్ 2, 3 ప్రాంతంలో సున్నా అవుతుంది, అల్యూమినాది 9 ప్రాంతంలో. పీహెచ్ 7 నీటిలో మొదటిది ఋణం, రెండోది ధనం. జీటా ఎప్పుడూ రేణువు సొంత సొత్తు కాదు, ఆ రేణువూ ఆ నీరూ కలిస్తే వచ్చే విలువ.

ఈ సంగతి నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక వర్షాకాలం నది నీరు ఎర్రగా వస్తుంటే నమూనా బయటి ల్యాబుకు పంపాం. మడ్డి మరీ చిక్కగా ఉందని వాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి పలుచన చేశారు. దాంతో ఉప్పులూ పలుచబడి, మబ్బు వ్యాపించి, జీటా ఉన్నదానికన్నా ఎక్కువ ఋణంగా కనిపించింది. ఆ అంకెను నమ్మి, జార్ టెస్టు (బీకర్లలో వేర్వేరు డోసులు వేసి చూసే పరీక్ష) చేయకుండానే పటిక డోసు పెంచాను. పీహెచ్ పడిపోయింది, రేణువులు ధనావేశం ఎక్కి మళ్లీ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నీరు తేటపడలేదు. ఫిల్టర్ల మీద భారం పడి రెండు రోజులు ఎవరికీ నిద్ర లేదు. నువ్వు పలుచన చేయాల్సి వస్తే అదే నమూనాను సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన నీటినే కలుపు.

ఇక ఆ "కాబట్టి". 30 మిల్లీవోల్టులు దాటితే స్థిరం అన్నది ఆవేశపు తోపుడు మీదే నిలబడ్డ రేణువులకు పనికొచ్చే ఒక అంచనా. పాలిమర్ తొడుగున్న రేణువులు జీటా సున్నా దగ్గర ఉన్నా విడివిడిగానే ఉంటాయి. దానికి విరుద్ధమైనది మన ఇళ్లలోనే చూశాను. అమ్మమ్మ బిందె నీళ్లలో చిల్లగింజ అరగదీసేది, తెల్లారేసరికి మట్టి అడుక్కి చేరేది. పటిక ధనావేశంతో రేణువుల ఋణావేశాన్ని అణుస్తుంది. చిల్లగింజ పని వేరు. దాని పొడవాటి అణువులు ఒక రేణువుకూ ఇంకో రేణువుకూ మధ్య వంతెన కడతాయి. జీటా పెద్దగా మారకపోయినా మట్టి పేరుకుంటుంది. అందుకే జీటా చూశాక కూడా ఆరు బీకర్లు వరుసగా పెట్టి జార్ టెస్టు చేయించేదాన్ని. డోసు తేల్చేది అదే.

నీ రేణువుల మీద ఋణావేశమిచ్చే సిట్రేట్ తొడుగు ఒక్కటే ఉందా, పాలిమర్ కూడా ఉందా? ఆ అధ్యాయంలో ఎక్కడా స్పష్టంగా లేదు. ముందు అది చెప్పు. స్థిరత్వం గురించి రాయాలంటే అవే రేణువులను వారం, నెల రోజులు ఉంచి సైజు మళ్లీ కొలిచి చూపించు.

వాక్యం ఇలా మార్చు: "25 డిగ్రీల వద్ద, ఒక మిల్లీమోలార్ సోడియం నైట్రేట్‌లో, ఫలానా పీహెచ్ వద్ద పరుగు మైనస్ 2.5, హ్యూకెల్ సూత్రంతో లెక్కిస్తే జీటా సుమారు మైనస్ 48 మిల్లీవోల్టులు." ఉప్పు పేరు నేను ఊహించి రాశాను, నువ్వు వాడినదే పెట్టు. సోడియం క్లోరైడ్ వాడి ఉంటే మాత్రం వెంటనే ఫోన్ చెయ్, వెండితో క్లోరైడ్ కలిస్తే వేరే చిక్కు ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ