కాపలా ఉద్యోగమే, చేరమనండి

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్ఈ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ డేటా ప్లాట్‌ఫాం అడ్మిన్‌గా తీసుకుంటామంటోంది. హడూప్ సర్వర్ల సెక్యూరిటీ, లాగ్‌లు చూసుకోవాలట. కోడింగ్ ఉండదని, సర్వర్లకు కాపలా కాయడమేనని మా బావమరిది అంటున్నాడు. చేరమనాలా, డెవలపర్ ఉద్యోగం వచ్చేదాకా ఆగమనాలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ బావమరిది గారు అబద్ధం చెప్పలేదు, కాపలాయే. దేనికి కాపలా అన్నది చూద్దాం.

హడూప్ అంటే వందల కంప్యూటర్లను కలిపి ఒకే గిడ్డంగిలా వాడుకునే ఏర్పాటు. మామూలుగా ఫైలును 128 మెగాబైట్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మూడేసి నకళ్లుగా వేరువేరు యంత్రాల్లో దాస్తుంది. ఒక యంత్రం కాలిపోయినా డేటా పోదు. మనుషుల దగ్గరే దాని అమాయకత్వం. ఇన్‌స్టాల్ చేసి అలాగే వదిలేస్తే, ‘నేను ఫలానా’ అని ఎవరు చెప్పినా నమ్మేస్తుంది. సర్వాధికారి పేరు చెప్పుకొని ఎవరైనా చెరిపేస్తే మూడు నకళ్లూ పోతాయి.

దీన్ని కట్టడి చేసేది కెర్బెరాస్ అనే గుర్తింపు తనిఖీ వ్యవస్థ. 1980లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం దగ్గర కాపలా ఉండే మూడు తలల కుక్క పేరది (ఈ సంగతి మీ బావమరిదికి చెప్పకండి). పాస్‌వర్డును ప్రతి సర్వర్‌కూ పంపే పని లేకుండా, గడువున్న టికెట్ ఇస్తుంది. యంత్రాల గడియారాల మధ్య ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే సాధారణంగా ఆ టికెట్ చెల్లదు. కొత్తవాళ్లు పాస్‌వర్డు తప్పేమోనని రోజంతా తల పట్టుకుంటారు, చూస్తే తప్పు గడియారంలో ఉంటుంది.

లోపలికి వచ్చినవాళ్లు ఏం చూడవచ్చో నిర్ణయించడం తర్వాతి పని. దానికి అపాచీ రేంజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాలసీలు, అంటే ఎవరికి ఏం అనుమతి అన్న నియమాలు రాస్తారు. ఒక ఉద్యోగికి కస్టమర్ల పట్టిక కనిపించాలి, ఆధార్ నంబరులో మాత్రం చివరి నాలుగు అంకెలే కనిపించాలి అనుకోండి, అదీ చేయవచ్చు.

ఇక లాగ్‌లు, అంటే జరిగినదంతా సర్వర్ తనే రాసుకునే చిట్టాలు. ఎవరు, ఎప్పుడు, ఏ చిరునామా నుంచి, ఏ ఫైలు తెరిచారు, అనుమతి దొరికిందా లేదా అన్నది ఆడిట్ లాగ్‌లో పడుతుంది. అడ్మిన్ చేసిన పనీ పడుతుంది. కంచే చేను మేస్తే పట్టించేది అదే. అందుకే ఆ లాగ్‌లను అడ్మిన్ చేతికి అందని మరో సర్వర్‌కు పంపిస్తారు. అలాగని అన్నీ రాయిస్తే కుదరదు. నేను ఈ పనిలో ఉన్నప్పుడు ఒక లోపం వెతకడానికి లాగ్ స్థాయిని డీబగ్‌కు (ప్రతి చిన్న అడుగూ రాసే స్థాయికి) పెంచి, తగ్గించడం మరిచాను. అర్ధరాత్రికి డిస్కు నిండి నేమ్‌నోడ్ (ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకునే సర్వర్) సేఫ్ మోడ్‌లోకి వెళ్లిపోయింది. కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయనివ్వలేదు. ఆ రాత్రి నేర్చుకున్నంత ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

ఈ పనికి చట్టం అండ కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. కాబట్టి ఈ పని తెలిసినవాళ్లను కంపెనీలు తేలిగ్గా వదులుకోవు.

హడూప్ ఒక్కదాన్నే నమ్ముకొని కూర్చోమని మాత్రం చెప్పను. చాలా సంస్థలు క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు తీసుకునే సర్వర్లకు మారుతున్నాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. అక్కడ పేర్లు వేరు, ప్రశ్నలు ఇవే: ఎవరు, దేనికి, రుజువేది? కోడింగ్ ఉండదన్నదీ పూర్తిగా నిజం కాదు. వందల సర్వర్ల సెట్టింగులు చేత్తో మార్చలేరు కనుక షెల్ స్క్రిప్టులు, పైథాన్, ఆన్సిబుల్ (ఒకేసారి చాలా సర్వర్లలో మార్పులు చేసే పనిముట్టు) రావాల్సిందే.

అమీర్‌పేటలో వేలకు వేలు పోసి కోర్సులో చేరే తొందర వద్దు. 16 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ యంత్రాలు (ఒకే కంప్యూటర్‌లో విడివిడిగా నడిచే కంప్యూటర్లలాంటివి) పెట్టుకొని, లినక్స్ మీద ఒకదానిలో హడూప్, రెండోదానిలో కెర్బెరాస్ నడిపి, కావాలనే ఒకదాని గడియారం పది నిమిషాలు వెనక్కు తిప్పమనండి. ఏం ఆగిందో, ఎందుకు ఆగిందో లాగ్ చదివి తనే కనిపెట్టాలి. సాఫ్ట్‌వేరూ, ఇంటర్నెట్‌లో దాని అధికారిక వివరణ పత్రాలూ ఉచితమే.

నాకు బెంగ ఒక్కటే, వేళలు. మార్పులు ఎక్కువగా శని, ఆదివారాల్లోనో అర్ధరాత్రో చేస్తారు. ఆన్‌కాల్ (ఏ వేళ పిలిచినా పనికి దిగాల్సిన వంతు) నెలకు ఎన్ని రోజులు, తోడుగా సీనియర్ ఉంటారా అని చేరకముందే అడగమనండి. రాత్రి వాహనం సంగతి మాత్రం నోటిమాటగా వద్దు, ఆఫర్ లేఖలో రాసి ఇమ్మనాలి.