టెక్ సందేహాలు: డిసేబుల్ చేశాను, మళ్లీ వచ్చింది

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. మేం పెట్టని యాంటీవైరస్ ఒకటి రోజూ 'ట్రయల్ గడువు ముగుస్తోంది, కొనండి' అంటోంది. స్టార్టప్‌లో ఉన్నవన్నీ డిసేబుల్ చేశాను. కొన్నాళ్లకు వాటిలో రెండు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. సిస్టమ్ కూడా స్లోగా ఉంది. ర్యామ్ పెంచమంటారా?

ర్యామ్ సంగతి పక్కన పెట్టండి. ముందు డిసేబుల్‌కీ అన్‌ఇన్‌స్టాల్‌కీ తేడా చూద్దాం. డిసేబుల్ అంటే మొదలవకుండా ఆపడమే, అన్‌ఇన్‌స్టాల్ అంటే పూర్తిగా తీసేయడం. ఈ ఉత్తరమే మాటలు మార్చుకుని నాకు పదేపదే వస్తోంది, ప్రతిసారీ తికమక అక్కడే. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో కనిపించేవి కొన్నే. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు)లోని 'రన్' కీల ద్వారానో, స్టార్టప్ ఫోల్డర్ ద్వారానో మొదలయ్యేవి అక్కడ ఉంటాయి. సర్వీసుగా, అంటే తెర మీద కనబడకుండా వెనక నడిచేలా దిగినవీ, వేళకు పనులు మొదలుపెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో చేరినవీ ఆ జాబితాకి ఎక్కవు. మీరు పాపప్‌ను ఆపారు, దాన్ని తెచ్చిపెట్టే అప్‌డేటర్ మాత్రం వెనక సర్వీసుగా నడుస్తూనే ఉంది. అది తన పని తాను చేసింది, అంతే. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాకి వెళ్లి, ట్రయల్‌తో పాటు ఆ అప్‌డేటర్‌నీ తీసేయండి. యాంటీవైరస్ పోతే రక్షణ పోతుందన్న భయం అక్కర్లేదు, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే ఆన్ అవుతుంది. గడువు తీరి, అప్‌డేట్లు ఆగిన యాంటీవైరస్‌ను అలాగే ఉంచుకోవడమే అసలు ప్రమాదం.

పూర్తి జాబితా చూడాలంటే మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఆటోరన్స్ ఉంది, ఉచితమే. మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచే ఆప్షన్ పెడితే బయటివాళ్లవి మాత్రమే మిగులుతాయి. దేన్నీ డిలీట్ చేయకండి. టిక్ తీసి కొన్ని రోజులు వాడి చూడండి. టచ్‌ప్యాడ్, ఆడియో, గ్రాఫిక్స్ పేర్లున్న వాటి జోలికి పోవద్దు.

ఇంకో మాట. స్టార్టప్ జాబితాలో పక్కన 'హై' అని కనబడగానే చాలామంది హడలిపోతున్నారు. బూట్ అయ్యేటప్పుడు ఆ ప్రోగ్రామ్ 1 సెకను కంటే ఎక్కువ ప్రాసెసర్ సమయం గానీ, 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్క్ గానీ వాడిందని దాని అర్థం. 3 ఎంబీ అంటే ఫోన్‌లో తీసిన ఒక ఫొటో అంత! ఆ కొలతతో మంచిచెడ్డలు తేల్చలేం.

అందరూ వేగం గురించే అడుగుతారు. నన్ను భయపెట్టేది అది కాదు. ఫ్యాక్టరీలో దిగిన సాఫ్ట్‌వేర్‌కి సిస్టమ్‌పై ఎంత అధికారం ఉంటుందో ఎవరూ అడగరు. 2015 ఫిబ్రవరిలో బయటపడ్డ సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ సంగతి చూడండి. ఒక పెద్ద తయారీదారు తన ల్యాప్‌టాప్‌లలో దాన్ని ముందే ఎక్కించి అమ్మాడు. వెతుకులాట పేజీల్లో ప్రకటనలు దూర్చడం దాని పని. పేజీలు ఎన్‌క్రిప్ట్ అయి వస్తాయి కాబట్టి వాటిలో దూర్చడానికి విండోస్ నమ్మే రూట్ సర్టిఫికెట్ల (ఏ సైటు అసలుదో తేల్చే గుర్తింపు పత్రాల) జాబితాలో తన సర్టిఫికెట్ ఒకటి చేర్చేసింది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే ప్రైవేట్ కీ, అంటే ఆ సర్టిఫికెట్ పేరిట సంతకం చేసే రహస్య తాళంచెవి! ఒక పరిశోధకుడు దాని పాస్‌వర్డ్‌ను గంటల్లోనే ఛేదించాడు. అంటే అదే వైఫైలో ఉన్న ఎవడైనా సరే బ్యాంకు సైటుకు నకిలీ తయారుచేసి, బ్రౌజర్‌లో తాళం గుర్తుతో సహా మీకు చూపించగలడు. ఇంకా ఘోరం, ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ సర్టిఫికెట్ మాత్రం అక్కడే ఉండిపోయేది. ప్రకటనలు ఆగాయి కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లకు తలుపు తెరిచే ఉందని తెలియదు.

అదే ఏడాది మరో తయారీదారు ల్యాప్‌టాప్‌లలోనూ ఇలాంటి సర్టిఫికెట్టే దొరికింది. 2016లో డ్యుయో సెక్యూరిటీ అనే సంస్థ ఐదుగురు తయారీదారుల అప్‌డేటర్లను పరీక్షిస్తే ఐదింటిలోనూ లోపాలు బయటపడ్డాయి. నెట్‌వర్క్ మధ్యలో కూర్చున్నవాడు ఆ లోపాలతో సిస్టమ్ అంతటి మీదా అధికారం సంపాదించగలడు. 'సపోర్ట్', 'అసిస్టెంట్' అని ముద్దు పేర్లు పెట్టుకున్నవాటి సంగతి ఇది.

మరి ఫార్మాట్ చేసేస్తే? చేయవచ్చు. కానీ రీసెట్ బటన్ తయారీదారు సామాన్లను తిరిగి తెచ్చిపెట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ తెచ్చుకుని, పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేసుకోవడం మేలు. ఫ్యాక్టరీలోనే విండోస్ వచ్చిన మెషీన్ అయితే లైసెన్స్ సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అయినా ఒక మెలిక ఉంది. విండోస్ 8 కాలం నుంచీ డబ్ల్యూపీబీటీ అనే ఏర్పాటు వల్ల బయాస్ (మదర్‌బోర్డు చిప్‌లో ఉండి, విండోస్ కంటే ముందే నడిచే సాఫ్ట్‌వేర్)లోని ఒక ప్రోగ్రామ్‌ను బూట్ అయినప్పుడల్లా విండోస్‌లో నడిపించవచ్చు. దొంగలు ఎత్తుకెళ్లిన ల్యాప్‌టాప్‌ను గుర్తించే సాఫ్ట్‌వేర్ కోసమని తెచ్చారట! 2015లో ఒక తయారీదారు దాన్ని వాడుకుని తన సాఫ్ట్‌వేర్‌నే తిరిగి దింపుకుంటూ దొరికాడు. శుభ్రంగా ఫార్మాట్ చేశాక కూడా తయారీదారు ప్రోగ్రామ్ తనంతట తాను వచ్చిందంటే, బయాస్‌లో దాన్ని ఆపే ఆప్షన్ ఉందేమో చూడండి.

ప్రశ్న: ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ వేశాక బ్రౌజర్ హోమ్‌పేజీ మారిపోయింది. దాన్ని తీసేసినా, అది బ్రౌజర్‌లో చేర్చిన ఎక్స్‌టెన్షన్ (అదనపు చిన్న ప్రోగ్రామ్) పోవడం లేదు. 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని వస్తోంది. నేను ఏ ఆఫీసు సిస్టమూ వాడటం లేదు.

ఇది మీ తప్పు సగం, ఇన్‌స్టాలర్ చేసినవాడి తప్పు సగం. 'కస్టమ్' ఆప్షన్ మీద ఒక్క క్లిక్ చేసి ఉంటే అదనపు టిక్కులు కనిపించేవి. వాటిని దాచి, 'రికమెండెడ్' అని ముందే ఎంచి పెట్టి, వద్దు అనే బటన్‌ను బూడిద రంగులో మసకగా వేసినవాడిది మాత్రం తెలిసి చేసిన పనే. కంపెనీలు ఉద్యోగుల బ్రౌజర్లను అదుపులో పెట్టుకోవడానికి ఉన్న పాలసీలను మీ కన్వర్టర్ రిజిస్ట్రీలో రాసేసింది. క్రోమ్ అయితే అడ్రస్ బార్‌లో chrome://policy అని కొట్టండి. ఏవేం అమల్లో ఉన్నాయో చూపిస్తుంది. డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ చేసి, ఆ పాలసీలు పోయాక బ్రౌజర్‌ను రీసెట్ చేయండి. పాస్‌వర్డ్‌లను వేరే డివైజ్ నుంచి మార్చుకోండి. పేజీల్లో ఉన్నదంతా చదివే అనుమతి ఆ ఎక్స్‌టెన్షన్‌కు ఉండి ఉండవచ్చు.

తెర మూలలో 'వైరస్ దొరికింది' అని వస్తుంటే కంగారుపడకండి. అది తరచూ ఏదో సైటుకు ఎప్పుడో ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ సైటును తీసేస్తే సరి.

ఈ పాపాలన్నిటికీ మూలం, కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా తన్ను తాను స్టార్టప్‌లో చేర్చుకోవచ్చు, అడగనక్కర్లేదు. ఫోన్‌లో నోటిఫికేషన్ పంపాలన్నా ఆండ్రాయిడ్ 13 నుంచి అనుమతి అడగాలి. 2022లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెంచురా కనీసం 'కొత్తది చేరింది' అని చెబుతుంది. చాటింగ్ యాప్, మీటింగ్ యాప్, పాటల యాప్ అన్నీ నేను సిస్టమ్ తెరవగానే తయారుగా ఉండాలని ఎవరు కోరారు?

ప్రశ్న: క్లీనర్ సాఫ్ట్‌వేర్ వాడితే ఇవన్నీ పోతాయా?

వద్దు. 2017లో బాగా పేరున్న ఒక క్లీనర్ అధికారిక వెర్షన్‌లోనే హ్యాకర్లు కోడ్ చొప్పించారు. సంస్థ సంతకంతో, సంస్థ సైటు నుంచే అది దాదాపు నెల రోజులపాటు డౌన్‌లోడ్ అయింది. చోటు కావాలంటే విండోస్‌లోని స్టోరేజ్ సెన్స్ చాలు. రిజిస్ట్రీని శుభ్రం చేస్తే వేగం పెరుగుతుందన్నది అమ్మేవాళ్ల మాటే.