చిన్న చప్పుళ్లకే ఒళ్లు మండిపోతోంది, బొమ్మలు వేస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

పక్కవాళ్లు నమలడం, పెన్ను టకటకలాడించడం, ముక్కు ఎగబీల్చడం వింటే తట్టుకోలేకపోతున్నారని, ఆ కోపం చప్పుడు మీద నుంచి మనిషి మీదికి పాకుతోందని రాశారు. బొమ్మలు వేయడం దీనికి, ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడానికి పనికొస్తుందా అని మీ ప్రశ్న. పనికొస్తుంది. కాకపోతే వేయాల్సింది కోపాన్ని కాదు, చప్పుడుని. ఈ తేడా దగ్గరే చాలామంది దారి తప్పుతారు.

ముందు మీది ఏ ఇబ్బందో తేల్చుకోండి. మామూలు శబ్దాలే చెవికి నొప్పి పుట్టేంత బిగ్గరగా తోస్తే అది హైపరాక్యుసిస్. శబ్దం చిన్నదైనా సరే, ఫలానా చప్పుడు వినగానే కోపం, రోత తన్నుకొస్తే అది మిసోఫోనియా. ఈ రెండో పేరు 2001లో జాస్ట్రెబాఫ్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు పెట్టారు. 2017లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు మెదడు స్కాన్లు తీసి చూస్తే, ఇలాంటి చప్పుడు పడగానే ఇన్సులా అనే భాగం ముందువైపు మితిమీరి స్పందించడం కనిపించింది. కాబట్టి ఎవరైనా "నీది ఒట్టి చాదస్తం" అంటే మనసుకు తీసుకోకండి. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు, ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గర ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒక చెవికి ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక సామాను సంగతి. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ చాలామంది మధ్యలో మానేసేది దీనివల్లే. ఉపశమనం కోసం కూర్చుంటే చేతిలోని పెన్సిలే గీరుతూ చిరాకు పెడుతుంది. హెచ్ రకం గట్టి పెన్సిళ్లు గరుకు కాగితం మీద గీరుకుంటాయి. 4బి నుంచి 6బి వరకు మెత్తని పెన్సిలు, నున్నటి కాగితం తీసుకోండి. పల్చటి కాగితం కదిపినప్పుడల్లా గరగరమంటుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఉండే మందపాటి కాగితం పలకదు. నున్నగా మెరిసే అట్ట మీద మార్కర్ కీచుమనడానికి కారణం, దాని మొన పట్టుకుని జారడం, మళ్లీ పట్టుకుని జారడం. ఇది సెకనుకి ఎన్నోసార్లు జరిగి కంపనంగా మారుతుంది. సుద్దముక్కదీ అదే కథ. దాన్ని సగానికి విరిచి, బాగా వాల్చి పట్టుకుంటే చాలావరకు ఆగిపోతుంది. చట్రానికి బిగించిన కాన్వాసు డప్పు లాంటిది, కుంచె ఆనినప్పుడల్లా మోగుతుంది. అట్టకు అంటించిన కాన్వాసు వాడండి. బల్ల కూడా మోగేదే. దాని మీద ఒక తువ్వాలు నాలుగు మడతలు వేసి, పైన బోర్డు పెట్టండి. కుంచె కడిగే నీళ్లకు గాజు గ్లాసు వద్దు, ప్లాస్టిక్ డబ్బా చాలు. మామూలు రబ్బరు బదులు పిండిముద్దలా నొక్కుకునే రబ్బరు వాడితే రుద్దే చప్పుడే ఉండదు. పెన్సిళ్లు ముందురోజే ఆరేడు చెక్కి పెట్టుకోండి. ఇవన్నీ చేసినా గీత శబ్దం భరించలేకపోతే బంకమట్టి తీసుకోండి, అంత నిశ్శబ్దమైన సామగ్రి ఇంకోటి లేదు.

ఇప్పుడు అసలు పని. ఏ4 కాగితాన్ని నిలువుగా రెండు పట్టీలుగా కత్తిరించండి. ఒక్కో పట్టీ దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. దాన్ని అయిదు గళ్లుగా విడగొట్టండి, ఒక్కో గడి ఒక నిమిషం. సమయానికి అయిదు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకోండి, టిక్‌టిక్‌మనేది వద్దు. ఎడమ నుంచి కుడికి కదులుతూ వినిపించిన ప్రతి చప్పుడుకీ ఒక గుర్తు వేయండి. సన్నని చప్పుడు పైన, బొంగురుది కింద. బిగ్గరగా ఉంటే గీత లావు, మెల్లగా ఉంటే సన్నం. అక్షరాలు రాయొద్దు, ముఖాలు గీయొద్దు. నిశ్శబ్దం ఉన్నంతసేపు కాగితం తెల్లగా వదిలేయండి.

పెన్ను టకటకనే తీసుకుందాం. మామూలుగా అది ఒకటే చప్పుడు అనుకుంటాం. గీయడానికి చెవి పెడితే రెండున్నాయని తెలుస్తుంది: మీట నొక్కినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి. రెండిటికీ శ్రుతి ఒకటి కాదు, లావూ ఒకటి కాదు. మధ్యలో ఎడం కూడా ఒకలా ఉండదు, ఆ మనిషి ఆలోచనలో పడితే సాగుతుంది. ఇంత గమనించేసరికి ధ్యాస "నన్ను వేధిస్తున్నారు" అన్నచోటి నుంచి ఆ చప్పుడు ఆకారం మీదికి మళ్లుతుంది. పట్టీ పూర్తయ్యాక చూస్తే చాలాసార్లు కాగితంలో ఎక్కువ భాగం తెల్లగానే ఉంటుంది. అయిదు నిమిషాలూ ఆగకుండా మోగిందని మీరు ఒట్టేసి చెప్పి ఉండేవాళ్లు.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. కసిదీరా బరబరా గీకడం మొదటిది. కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందన్న నమ్మకాన్ని బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ పరిశోధకుడు 2002లో పరీక్షించారు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ గుద్దుల సంచిని బాదినవాళ్లకు కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది. రెండోది, ఇబ్బంది పెట్టే చప్పుడును రికార్డు చేసుకుని మళ్లీమళ్లీ వింటూ గీయడం. అది చికిత్సకుల పర్యవేక్షణలో, కొలత ప్రకారం జరగాల్సిన పని. సొంతంగా గీసేటప్పుడు చిరాకుకు సున్నా నుంచి పది వరకు అంకె వేసుకుని, ఆరు దాటితే పెన్సిలు పెట్టేసి లేచిపోండి. మూడోది, రోజంతా చెవులు మూసుకుని కూర్చోవడం. 2003లో ఫార్మ్‌బీ అనే పరిశోధకుడి బృందం కొందరికి రెండు వారాలపాటు ఇయర్‌ప్లగ్‌లు పెట్టించి చూస్తే, వాళ్ల చెవులు శబ్దానికి మరింత సున్నితమయ్యాయి. సన్నని నేపథ్య శబ్దం వినిపించినవాళ్లలో ఫలితం దానికి తిరగబడింది. అందుకే గీసేటప్పుడు చెవులు మూసుకునే బదులు ఫ్యాను గాలి లాంటి మెత్తని రొద పెట్టుకోమంటాను, మాటలకంటే తక్కువ స్థాయిలో.

రెండో వారం నుంచి అదే చప్పుడుకు వేరే పుట్టుక గీయండి. నమిలే చప్పుడు మీకు నోటినే గుర్తుచేస్తుంది. అదే చప్పుడు ఎండుటాకుల మీద ఎవరో నడిచినా రావచ్చు, తడి ఇసుకలో కాలు దిగబడినా రావచ్చు. ఒక్కో చప్పుడుకు ఇలాంటివి ఆరు బొమ్మలు, ఒక్కోటి రెండు నిమిషాల్లో వేయండి. దీని వెనక ఆధారం ఉంది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో ఒళ్లు జలదరించే చప్పుళ్లకు, అవి ఇంకేదో ఇంపైన పనిలోంచి పుట్టినట్టు కనిపించే వీడియోలు జతచేస్తే వినేవాళ్లకు వెగటు తగ్గింది.

ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడం గురించి అడిగారు కదా, దానికి నాకు తెలిసిన గట్టి సాధనం జోడు పట్టీలే. మీరూ, చప్పుడు చేసే మనిషీ ఒకే గదిలో అదే అయిదు నిమిషాలు చెరో పట్టీ గీయండి. తర్వాత ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. మీ పట్టీ నిండా ఉన్న గుర్తు వాళ్లదాంట్లో అసలు లేకపోవచ్చు. వాళ్లు మిమ్మల్ని లెక్కచేయక కాదు, వాళ్ల చెవికి అది ఆననే లేదు. అదే వరుసలో వాళ్లను బాధపెట్టేది ఏదో మీ పట్టీలో ఖాళీగా కనబడుతుంది. ఇది మాటల్లో చెప్పబోతే వాదన అవుతుంది, కాగితం మీద అయితే ఇద్దరూ వంగి చూస్తారు.

చప్పుడు చేస్తున్నందుకే నలుగురూ దూరం పెట్టే మనుషులున్నారు. టూరెట్ (తమ ప్రమేయం లేకుండా కదలికలు, శబ్దాలు వచ్చే ఇబ్బంది) ఉన్నవాళ్లు తమ గొంతులోంచి వచ్చే శబ్దాలను కాసేపు బిగబట్టగలరేమో గానీ, బిగబట్టేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరు గొణగడం, వేళ్లు తట్టడం మనసు కుదుటపరుచుకోవడానికి చేస్తారు. వినపడనివాళ్లకు తాము కుర్చీ ఈడ్చిన మోత తెలియదు. పుట్టుకతో బధిరురాలైన చిత్రకారిణి క్రిస్టీన్ సన్ కిమ్ చార్‌కోల్‌తో (బొగ్గుతో) శబ్దం గురించే బొమ్మలు గీస్తారు. చప్పుడు చెవిగలవాళ్ల సొత్తు మాత్రమే కాదని ఆ పని చూస్తే అర్థమవుతుంది. 1893లో నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ వేసిన 'ది స్క్రీమ్' కూడా ఒకసారి తీరిగ్గా చూడండి. అందులో మనిషి అరుస్తున్నాడనుకుంటారు చాలామంది. ప్రకృతిలోంచి ఓ కేక దూసుకుపోవడం తనకు తెలిసిందని మంక్ రాసుకున్నాడు. ఆ బొమ్మలో మనిషి రెండు చేతులూ చెవులకు అదిమి ఉన్నాయి.

చప్పుడు చేసే మనుషులను గీయాలనుకుంటే ముందు వాళ్లను అడగండి. ఒప్పుకుంటే ముఖం వదిలేసి చేతులు గీయండి, ఇరవై నిమిషాలు చాలు. "ఇలా తడితే నీకేం హాయిగా ఉంటుంది?" అని అడిగి, రంగు వాళ్లనే ఎంచుకోమనండి. చాటుగా గీయడం, వెటకారపు బొమ్మ వేసి నలుగురికీ చూపించడం చేస్తే ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది.

బొమ్మలతోనే అంతా సరిపోతుందని చెప్పను. చదువు, ఉద్యోగం, ఇంట్లో కలిసి తినడం దెబ్బతింటుంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ, ప్రవర్తననీ మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స) తెలిసిన సైకాలజిస్టును కలవండి. మిసోఫోనియాకు అది కొందరికి ఉపకరిస్తుందని 2021లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో తేలింది. వెళ్లేటప్పుడు పట్టీలు తీసుకెళ్లండి. ప్రతి పట్టీ వెనక తేదీ, వేళ, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయారు, ఆకలిగా ఉన్నారా, చిరాకు అంకె ఎంత అనేవి రాసి ఉంటే, ఎప్పటినుంచి ఎలా ఉందో నోటితో వివరించాల్సిన అవసరం సగం తగ్గుతుంది.