పింక్ పూల తీగకి పురుగు వదిలితే పోతుందా? హైదరాబాద్ కాప్రాలో మా ఇంటి అనుభవం

మీరు అడిగింది ఇదీ కదండీ: పక్క ఖాళీ ప్లాటులోంచి పింక్ పూల తీగ మీ ప్రహరీ దాటి మామిడి చెట్టెక్కేసింది, మూడుసార్లు కొట్టించినా మళ్లీ వచ్చింది, కేరళలో ఏదో తీగ మీదకి ఫంగస్ వదిలారని చదివారు, అలాంటి పురుగో బూజో తెప్పించి వదిలితే మన దగ్గరా పోదా అని. ముందే చెప్పేస్తున్నా, ఈ తీగ మీదకి మన దేశంలో వదిలిన పురుగేదీ లేదు. దుంప తవ్వాల్సిందే. మా ఇంట్లో నాలుగేళ్లు దీంతోనే పడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

మీ ఫొటోలో ఉన్నది కోరల్ వైన్, మెక్సికో మొక్క, శాస్త్రీయ నామం యాంటిగోనన్ లెప్టోపస్. ఆకు హృదయాకారంలో ఉంటుంది, పూలగుత్తి కొసన సన్నటి నులితీగలుంటాయి, వాటితోనే పట్టుకుని పైకి పాకుతుంది. మా కాప్రా ఇంట్లో 2014లో అమ్మే పెట్టింది, ఎదురింటావిడ ఇచ్చిన కొమ్మ తెచ్చి గేటు మీద పందిరిలా అల్లించింది. రెండేళ్లు చాలా బాగుంది, పొద్దున్నే తేనెటీగలతో గేటంతా జుమ్మని మోగేది. మూడో వానాకాలానికి వాటర్ ట్యాంకు మీదకి, కేబుల్ వైర్ల మీదకి, అక్కణ్ణుంచి సీతాఫలం చెట్టు మీదకి వెళ్లి దుప్పటి కప్పినట్టు కప్పేసింది. ఎండ తగలక కింది కొమ్మలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆ చెట్టు మా నాన్న చేతిది. అమ్మ రోజూ దాని కింద నిలబడి పైకి చూసేది, ఏమీ అనేది కాదు.

మాలీని పిలిస్తే కొడవలితో కొట్టి, డబ్బులు తీసుకుని వెళ్లేవాడు. నెల తిరక్కుండానే మళ్లీ అంత తీగ. చివరికి ఒక జూన్‌లో తొలకరి పడి మట్టి మెత్తబడ్డాక పలుగు పట్టుకుని నేనే తవ్వాను. మూరెడు లోతులో చిలగడదుంపల్లాంటి దుంపలు, ఒకటి లాగితే దాని వెంట సన్నటి వేరుకి ఇంకోటి, అది తీస్తే గోడ కిందకి మరోటి. పైన ఎన్నిసార్లు కోసినా ఎందుకు వస్తోందో అప్పుడు తెలిసింది, తిండంతా కింద దాచుకుని కూర్చుంది. తవ్వేటప్పుడు తెగిన ముక్క మట్టిలో ఉండిపోతే అది కూడా మొలుస్తుంది, అందుకని మట్టిని జల్లెడ పట్టినంత పని చేయాల్సొచ్చింది.

ఇక కేరళ సంగతి. మీరు చదివింది నిజమే, కానీ ఆ తీగ వేరు. అది మికానియా మైక్రాంథా, మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చింది, తేమ ఉన్నచోట తేయాకు, అరటి తోటల మీద పడుతుంది. దానికోసం ట్రినిడాడ్ నుంచి ఒక తుప్పు తెగులు ఫంగస్ తెచ్చి, ముందు క్వారంటైన్‌లో పెట్టి మిగతా మొక్కలకి సోకుతుందా అని పరీక్షలు చేసి, 2005లో అస్సాంలో, 2006లో కేరళలో వదిలారు. మన దేశంలో అది నిలదొక్కుకోలేదు. అదే ఫంగస్ తైవాన్‌లో, ఫిజీలో, పపువా న్యూగినీలో నిలిచింది. అంత పరీక్షించి వదిలినా ఒకచోట పట్టింది ఇంకోచోట పట్టదు, మరి మనం ఎక్కణ్ణుంచో ఆన్‌లైన్‌లో పురుగులు తెప్పించి వదలడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

పురుగుతో పని జరగదని కాదు. మా వెనక ప్లాటులో వయ్యారిభామ నిండా ఉంటుంది. వానలు పడ్డాక వెళ్లి చూడండి, మీ ప్లాటులోనూ కనపడొచ్చు, కందిగింజంత పెంకు పురుగు, లేత పసుపు వీపు మీద గోధుమరంగు చారలు, ఆకులు నమిలేసి కాడలు మిగులుస్తుంది. అది మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు దగ్గర వదిలిన పురుగు సంతతే. 1990ల మొదట్లో పొద్దుతిరుగుడు ఆకుల మీద కనపడిందని పెద్ద గొడవై మళ్లీ పరీక్షించాల్సొచ్చింది. నేను ఒక సాయంత్రం గోడ దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. వయ్యారిభామ, మా పింక్ తీగ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. పురుగు తీగ ఆకు మీదుగా నడిచి వెళ్లింది, ఆగింది, ముట్టలేదు, దిగిపోయి మళ్లీ వయ్యారిభామ మీదకే వెళ్లింది. వదలడానికి పనికొచ్చే పురుగంటే అలా ఉండాలి.

నాగజెముడు సంగతీ అంతే. 1795లో ఎర్రరంగు తీయడానికని బ్రెజిల్ నుంచి మన దేశానికి ఒక పురుగు తెచ్చారు, తీరా అది అసలు రంగు పురుగు కాదు. కానీ ఒక జాతి నాగజెముడుని తినేసింది. మరో జాతిని మాత్రం వదిలేసింది, దానికి వేరే పురుగుని 1926లో తేవాల్సొచ్చింది.

కాబట్టి మీరు చేయాల్సింది చెప్తాను. మామిడి మీది తీగని లాగకండి, లేత కొమ్మలు విరుగుతాయి. నడుం ఎత్తులో కోసి పైది అలాగే ఎండనివ్వండి. కింద దుంపలు తవ్వి డాబా మీద కడక్ ఎండలో వారం పది రోజులు పడేయండి, చెత్తబండిలో పచ్చిగా వేయొద్దు. నాలాలో అసలే వేయొద్దు, దీని గింజలు నీళ్ల మీద తేలుతూ వెళ్లి ఎక్కడపడితే అక్కడ మొలుస్తాయి. ప్లాటు ఓనర్‌తో మాట్లాడి రెండువైపులా ఒకేసారి తవ్వించండి, లేకపోతే మీ కష్టం వృథా. కలుపుమందు కొట్టమని చాలామంది చెప్తారు, మామిడి చెట్టు మొదలు పక్కనే ఉంది కాబట్టి నేనైతే కొట్టను.

మాకు మొదటి ఏడాది పదిహేను రోజులకోసారి మొలకలు వచ్చేవి, వేలెడు కాకముందే పీకేవాణ్ణి. రెండో ఏడాది తగ్గాయి. ఇప్పుడు సంపు అంచున ఒక్కచోట, కాంక్రీట్ కింద దుంప అందక, వానాకాలంలో రెండో మూడో వస్తాయి. సీతాఫలం మళ్లీ చిగురేసింది, పోయినేడాది ఆరు కాయలు కాసింది.